పదిమందిలో లెక్కకొచ్చే వయసు

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. చాలా ఏళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. మా వారు ఇక్కడి యూదు కుటుంబంలో పుట్టారు. నేను మతం మారలేదు, ఆయన మారమని ఎప్పుడూ అడగలేదు. పాపకు 12 ఏళ్ళు. చిన్నప్పట్నుంచీ హిబ్రూ బడికి వెళ్తోంది. మేం వెళ్ళేది రిఫార్మ్ అనే ఉదార శాఖవాళ్ళ సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. వచ్చే మే నెల మొదట్లో పాప బాట్ మిట్స్వా, అంటే ఆడపిల్ల పెద్దవాళ్ళ లెక్కలో చేరే వేడుక. యూదుల ధర్మగ్రంథం తోరాలో తన వంతుకు లేవీయకాండం 19వ అధ్యాయం వచ్చింది. చదవడం బాగానే నేర్చుకుంటోంది. చిక్కంతా సేవ దగ్గర వచ్చింది. బాట్ మిట్స్వా చేసుకునే పిల్లలు ఏదో ఒక సేవ చెయ్యాలని, దాని గురించి ఆ రోజు మాట్లాడాలని సినగాగ్ వాళ్ళు చెప్పారు. మిట్స్వా ప్రాజెక్ట్ అంటారు. పాపేమో "అందరూ పాత ఆటసామాన్లు పోగుచేసి ఇచ్చేస్తున్నారు, నేనూ అదే చేస్తా, ఓ పనైపోతుంది" అంటోంది. మా అత్తగారు ఇన్విటేషన్‌లో వెయ్యాలి, త్వరగా తేల్చమంటున్నారు. నాకేమో గుంటూరు దగ్గర అనాథాశ్రమానికి దేనికైనా డబ్బు పోగుచేసి పంపి, డిసెంబర్ సెలవుల్లో పాపని అక్కడికి తీసుకెళ్ళి నాలుగు ఫొటోలు తీయిస్తే రెండువైపులా బాగుంటుందని ఉంది. స్నేహితులు "ఏకంగా ఒక సంస్థే పెట్టించు, కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుంది" అంటున్నారు. ఇక మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "అంటే ఒడుగు లాంటిదా? పిల్ల మతం పుచ్చుకుంటోందా?" అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు. అసలు ఆ రోజు నేను ఎక్కడ నిలబడాలో కూడా తెలియడం లేదు. టెన్షన్‌గా ఉంది.
– ఒక అమ్మ, న్యూజెర్సీ

జవాబు: మీరడిగినవాటిలో సేవ గురించే ఎక్కువ చెప్తాను. మిగతావి ఎవరినో ఒకరిని అడిగితే తేలిపోతాయి. ఇది మాత్రం మీరూ మీ పాపా కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.

సంప్రదాయం ప్రకారం మగపిల్లాడికి 13 ఏళ్ళు, ఆడపిల్లకి 12 నిండితే యూదు ధర్మంలో పెద్దవాళ్ళ కిందే లెక్క. రిఫార్మ్ సినగాగుల్లో మామూలుగా ఇద్దరికీ 13 అనే పెట్టుకుంటారు. ఈ మార్పుకి నిజానికి వేడుకతో పనిలేదు. తోరా చదవకపోయినా, మతగురువు అయిన రబ్బీ ఆశీర్వదించకపోయినా, హాలు బుక్ చెయ్యకపోయినా, ఆ పుట్టినరోజు గడిస్తే చాలు. వేడుక పెట్టుకునేది ఆ సంగతి నలుగురి ముందూ చెప్పుకోవడానికి.

అప్పట్నుంచి మారేది బాధ్యత. పిర్కే అవోత్ అనే ప్రాచీన గ్రంథంలో వయసుల వరుస ఒకటి ఉంది. 5 ఏళ్ళకు లేఖనాలు, 10కి మిష్నా అనే ధర్మనియమాల సంకలనం, 13కి ఆజ్ఞలు, 15కి ఆ నియమాల మీద చర్చలున్న తల్మూద్, 18కి పెళ్ళి. అంటే 13 దాకా చదువే, ఆ తర్వాత ఆచరణ కూడా తనదే. అంతవరకు బిడ్డ తప్పొప్పులకు తల్లిదండ్రులు పూచీ. అందుకే ఆ రోజు తండ్రి, "ఈ బిడ్డ పూచీ నుంచి నన్ను విడిపించినవాడికి స్తుతి" అనే అర్థం వచ్చే చిన్న వాక్యం చెప్పే ఆచారం వచ్చింది. మన చెవికి కాస్త కరుకుగా ఉంటుంది, పిల్లని వదిలించుకున్నట్టు. ఇబ్బందిగా ఉంటుందని ఆ వాక్యాన్ని మార్చి చెప్పేవాళ్ళూ ఉన్నారు, చెప్పకుండా వదిలేసేవాళ్ళూ ఉన్నారు. నాకైతే అది నచ్చుతుంది. పిల్లని పెద్దవాళ్ళలో ఒకరిగా చూడాలంటే ముందు మనం తన పనిలోంచి చేతులు తీసెయ్యాలి కదా. ఈ మాట ఎందుకంటున్నానంటే, మీ ఉత్తరంలో పాప సేవ గురించి మీరు, మీ అత్తగారు, మీ స్నేహితులు అందరూ మాట్లాడారు. పాప మాట్లాడింది ఒక్క వాక్యం. అదీ విసుగ్గా.

ఈ పెద్దరికం కంటికి బాగా కనిపించేది మిన్యన్ దగ్గర. కొన్ని ప్రార్థనలు చెయ్యాలంటే కనీసం పదిమంది పెద్దవాళ్ళు ఉండాలి. పోయినవాళ్ళ కోసం చదివే కద్దిష్ వాటిలో ఒకటి. ఎవరైనా పోతే దగ్గరివాళ్ళు వారం రోజులు ఇల్లు కదలకుండా ఉంటారు, షివా అంటారు దాన్ని. సాయంత్రాలు చుట్టుపక్కలవాళ్ళు, సినగాగ్ వాళ్ళు వచ్చి ఆ ఇంట్లోనే ప్రార్థన చేస్తారు. తొమ్మిదిమందే వచ్చారంటే పదో మనిషి కోసం ఫోన్లు మొదలవుతాయి. ఇంకా 13 నిండని పిల్ల ఆ ఇంట్లో ఉందనుకోండి. హిబ్రూ ఎంత గడగడా చదివినా లెక్కలోకి రాదు. అదే పిల్ల పుట్టినరోజు దాటాక నిద్రకళ్ళతో వచ్చి ఓ మూల కూర్చున్నా పదోమనిషి అవుతుంది. తెలివితో, గొంతుతో పనిలేదు. ఉందా లేదా అన్నదొక్కటే చూస్తారు. పాత ఆచారాలు పట్టుగా పాటించే ఆర్థొడాక్స్ శాఖవాళ్ళు మగవాళ్ళనే లెక్కపెడతారు. కన్సర్వేటివ్ శాఖ ఆడవాళ్ళనీ లెక్కపెట్టవచ్చని 1973లో నిర్ణయించింది. రిఫార్మ్‌లో ఆడ, మగ తేడా లేదు, పది అన్న సంఖ్యని కూడా కొన్నిచోట్ల అంత పట్టుగా చూడరు. మీ దగ్గర ఎలాగో రబ్బీని అడగండి.

ఇక్కడ చిన్న పక్కదారి. అమెరికాలో తొలి బాట్ మిట్స్వా అని చెప్పుకునేది 1922 మార్చి 18న న్యూయార్క్‌లో జరిగింది. పిల్ల పేరు జూడిత్ కప్లాన్, వయసు 12, తండ్రి రబ్బీ మొర్డెకై కప్లాన్. ఆ అమ్మాయి చేత్తో రాసి చుట్టగా చుట్టిన తోరా గ్రంథం దగ్గర నిలబడలేదు. కాస్త దూరంగా, కింద నిలబడి, అచ్చు పుస్తకంలోంచి చదివింది. మీ పాప మే నెలలో ఆ తోరా చుట్ట ముందే నిలబడబోతోంది. ఈ కథ తనకి తెలుసో లేదో ఓసారి అడిగి చూడండి. పదమూడేళ్ళ పిల్లలకి ఇలాంటివి పెద్దవాళ్ళ ఉపన్యాసాల కన్నా బాగా ఎక్కుతాయి.

సేవ సంగతికొస్తే, తల్మూద్‌లో రబ్బీ హనీనా అనే ఆయన మాట ఒకటుంది. ఆజ్ఞ ఉండి చేసేవాడు, ఆజ్ఞ లేకుండా చేసేవాడి కన్నా గొప్పవాడు అని. వినగానే తలకిందులుగా అనిపిస్తుంది. ఎవరూ చెప్పకుండా, తనంతట తాను చేసేవాడు కదా గొప్ప? మధ్యయుగాల్లో ఫ్రాన్స్‌లో ఉన్న తోసఫోత్ వ్యాఖ్యాతలు దీనికిచ్చిన వివరణ చాలా మామూలుగా ఉంటుంది. చేసి తీరాల్సినవాడికి ఎక్కడ తప్పిపోతుందోనని బెంగ ఉంటుంది. ఇష్టముంటే చేసేవాడికి ఆ బెంగ ఉండదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానెయ్యొచ్చు. ఆ బెంగతో చేసే పని బరువు వేరు.

మీ పాప సేవని ఎంచుకోవడానికి నేనైతే ఈ ఒక్క ప్రశ్నే అడుగుతాను. ఈ వారం పాప వెళ్ళకపోతే ఎవరికైనా తేడా తెలుస్తుందా? తెలిస్తే అది పెద్దవాళ్ళ పని. తెలియకపోతే అది మంచిపనే కావచ్చు, కానీ పాప ఉన్నా లేకపోయినా జరిగిపోతుంది.

ఆటసామాన్లు పోగుచెయ్యడం అలా జరిగిపోయే పని. తప్పేం లేదు. అవసరమున్న చోటుకి చేరితే ఏ పిల్లాడో ఆడుకుంటాడు. కాకపోతే గరాజ్‌లో అట్టపెట్టె పెట్టడం, ఈమెయిల్ పంపడం, ఆ పెట్టెలు కారులో వేసుకుని ఎక్కడో దింపి రావడం. అందులో సగం పని మీరే చేస్తారని మీకూ తెలుసు. పాప "ఓ పనైపోతుంది" అనడంలో తప్పు పట్టడానికేం లేదు. ఆ పని స్వభావమే అంత.

మీ అనాథాశ్రమం ఆలోచన గురించి కాస్త మొహమాటం లేకుండా చెప్తాను. డబ్బు పంపాలనిపిస్తే పంపండి. విదేశాల నుంచి విరాళం తీసుకోవాలంటే మన దేశంలో ఆ సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ముందు అది కనుక్కోండి. చుట్టాల ఖాతాలో వేసి చేతికిమ్మనే దారి వద్దు. నాకు అభ్యంతరం ఫొటోల దగ్గర. ఒక మధ్యాహ్నం వెళ్ళి, బిస్కెట్ ప్యాకెట్లు పంచి, ఆ పిల్లల మధ్య మీ పాప నిలబడ్డ ఫొటో మే నెలలో న్యూజెర్సీ పార్టీ హాల్లో స్క్రీన్ మీద వేస్తారు. అక్కడ రెండొందలమంది భోంచేస్తూ చూస్తారు. ఆ ఫొటోలో ఉన్న పిల్లని ఎవరైనా అడిగారా? సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు వివరాలు బయటపెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కూడా చెప్తోంది. చట్టం సంగతి అలా ఉంచండి, మీ పాప ఆ ఫొటోలో అవతలి వైపు ఉంటే మీరు ఒప్పుకుంటారా? డిసెంబర్‌లో తెనాలి వెళ్ళండి, అమ్మమ్మ దగ్గర ఉండనివ్వండి. సేవ ఖాతాలో మాత్రం వెయ్యకండి.

సంస్థ పెట్టమన్న మీ స్నేహితులకి నమస్కారం. మన తెలుగువాళ్ళ పిల్లల్లో వ్యవస్థాపక అధ్యక్షులు ఇప్పటికే కావలసినంతమంది ఉన్నారు. వాళ్ళ కింద డబ్బాలు సర్దేవాళ్ళే దొరకడం లేదు.

ఇప్పుడు పాప వంతుకొచ్చిన అధ్యాయం చూడండి. లేవీయకాండం 19 వచ్చిన పిల్ల సేవ కోసం ఎక్కడెక్కడో వెతుక్కోనక్కర్లేదు. పంట కోసేటప్పుడు పొలం అంచుల దాకా కొయ్యొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అవి పేదలకీ పరదేశులకీ వదిలెయ్యాలి అని అందులోనే ఉంది. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని ఉంది. గుడ్డివాడి దారికి అడ్డం పెట్టొద్దని, తల నెరిసినవాళ్ళ ముందు లేచి నిలబడమని, తూకంలో మోసం చెయ్యొద్దని, పరాయివాణ్ణి మీలో ఒకడిగా చూసుకోమని ఉంది. నీలాగే నీ పొరుగువాణ్ణి ప్రేమించు అన్న వాక్యమూ ఇక్కడిదే. ప్రేమించమన్న మాట అందరికీ గుర్తుంటుంది. దాని చుట్టూ ఉన్నవన్నీ కూలి, కొలత, పొలం గట్టు లాంటి ఖరాఖండి లెక్కలని చాలామంది గమనించరు.

పొలం అంచు సంగతి కాస్త లోతుగా చూస్తే మీ పాపకి మాట్లాడటానికి బోలెడు దొరుకుతుంది. ఎంత వదలాలి అంటే, అరవైలో ఒక వంతుకి తగ్గకూడదని మిష్నా చెప్తుంది. వదిలినదాన్ని యజమాని కోసి పంచిపెట్టకూడదు. పేదవాళ్ళే వచ్చి కోసుకుంటారు. ఫలానా వాడికి ఇస్తాను, వాడైతే మంచివాడు అని ఎంచే హక్కు యజమానికి లేదు. ఇచ్చేవాడి మంచితనాన్ని పొగడటం కన్నా, తీసుకునేవాడు చెయ్యి చాచకుండా చూడటం మీద ఆ నియమానికి ధ్యాస ఎక్కువ. బైబిల్లోని రూతు కథలో రూతు బోయజు అనే ఆసామి పొలంలో పరిగె ఏరుకున్నది ఈ నియమం వల్లే.

న్యూజెర్సీలో మీకు పొలం లేకపోయినా, అవసరమున్నవాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీలు ఉన్నాయి. చర్చిల్లో, సినగాగుల్లో, టౌన్ ఆఫీసుల్లో నడుస్తుంటాయి. ఇదివరకు ఎక్కువగా సంచి కట్టి చేతికిచ్చేవారు. ఇప్పుడు చాలాచోట్ల వచ్చినవాళ్ళే అరల మధ్య తిరిగి, తమకి కావలసినవి తామే తీసుకునే పద్ధతి పెట్టారు, కొట్లో సరుకులు తీసుకున్నట్టే. పొలం అంచు నియమం గురించి చదివిన పిల్లకి ఈ పద్ధతి ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ 12 ఏళ్ళ పిల్ల చెయ్యగల పని నిజంగా ఉంటుంది. వచ్చిన డబ్బాల మీద తేదీలు చూసి గడువు దాటినవి తీసెయ్యడం, అరల్లో పాతవి ముందుకి, కొత్తవి వెనక్కి సర్దడం, ఏది అయిపోతోందో రాసిపెట్టడం. ఏమాత్రం ఫొటోకి పనికిరాని పని. కానీ గురువారం సాయంత్రం సర్దేవాళ్ళు రాకపోతే శుక్రవారం పొద్దున్న వచ్చినవాళ్ళకి అరలు ఖాళీగా కనిపిస్తాయి.

యూదు సంస్థలు నడిపే ప్యాంట్రీ దగ్గర్లో ఉంటే పస్కా పండక్కి ముందు వారాల్లో పని ఇంకా ఎక్కువ ఉంటుంది. ఆ ఎనిమిది రోజులూ పులిసిన రొట్టె, మామూలు పాస్తా లాంటివి తినరు కాబట్టి మత్సా అనే పులియని రొట్టె, పండక్కి తగిన సరుకులు విడిగా సర్దాలి. పండగ మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో వస్తుంది, పాప వేడుకకి కాస్త ముందు. చేతులు కావలసినప్పుడు పాప అక్కడుంటుంది.

పాపకి సరుకుల పని నచ్చకపోతే తల నెరిసినవాళ్ళ వాక్యం ఉంది. దగ్గర్లో వృద్ధుల కేంద్రం ఏదైనా ఉంటే, అక్కడ ఒకరిద్దరికి వారంవారం ఒకే రోజు, ఒకే వేళకి వెళ్ళి పేపరు చదివి పెట్టడం, ఫోన్లో మనవల ఫొటోలు తెరవడం నేర్పించడం. పిల్లలందరూ పండగపూట గుంపుగా వచ్చి పాట పాడి వెళ్ళిపోయే రకం కాదు నేను చెప్పేది. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. మొదలుపెడితే మధ్యలో ఆపడం కష్టం. ఎదురుచూసేవాళ్ళుంటారు. సరుకుల పనికన్నా ఇది బరువైనది, కాబట్టి పాప స్వభావం చూసుకోండి. బిడియం ఎక్కువైన పిల్లని దీనిలోకి తొయ్యకండి.

ప్యాంట్రీ అయినా, వృద్ధుల కేంద్రం అయినా ముందు ఫోన్ చేసి వయసు నిబంధన కనుక్కోవాలి. చాలాచోట్ల ఇంత వయసు నిండాలని ఉంటుంది, లేదా పెద్దవాళ్ళెవరైనా పక్కనుండాలంటారు. ఆ ఫోన్ పాపనే చెయ్యనివ్వండి. పక్క గదిలో కూర్చుని వినాలనిపిస్తుంది. వినండి, మాట్లాడకండి. శనివారం కాని రోజు చూసుకోండి, ఆ రోజు సినగాగ్‌లోనే ఉండాల్సిన పిల్ల. వేడుక అయిపోయాక జూన్‌లోనూ వెళ్ళాలని ఇప్పుడే అనుకోండి. బాట్ మిట్స్వా అయ్యాక పిల్లలు సినగాగ్ వైపే రావడం మానేస్తారన్నది అక్కడ తరచూ వినిపించే ఫిర్యాదు, పెద్దవాళ్ళుగా లెక్కించిన మరుసటి రోజే మాయమైపోతారని. కొన్ని సినగాగులు ఇన్ని గంటలు చెయ్యాలని లెక్క అడుగుతాయి. అడిగితే కాగితం మీద రాసిచ్చెయ్యండి, ఇంట్లో మాత్రం గంటల మాట ఎత్తకండి.

ఇది మరీ చిన్న పనిలా ఉందే అనిపించొచ్చు. 1970లు, 80ల్లో అమెరికాలో యూదు పిల్లలు, సోవియట్ యూనియన్ నుంచి బయటికి రానివ్వకుండా ఆపేసిన కుటుంబాల పిల్లలతో జతకట్టి బార్ మిట్స్వా, అంటే మగపిల్లల వేడుక చేసుకునేవారు. అక్కడి పిల్లాడికి ఆ వేడుక చేసుకునే వీలు లేదు కాబట్టి ఇక్కడ వేదిక మీద వాడి పేరు కూడా చెప్పేవారు, ఉత్తరాలు రాసేవారు. చెప్పుకోవడానికి పెద్ద ఉద్యమం. పిల్లవాడి వంతుకొచ్చేసరికి మాత్రం ఒక పేరు, ఒక ఉత్తరం. మీ పాప వంతుకి ఒక అర వచ్చింది.

ఇన్విటేషన్ గురించి. మైమొనిదిస్ అనే యూదు పండితుడు 12వ శతాబ్దంలో దానానికి ఎనిమిది మెట్లు రాశాడు. అన్నిటికన్నా పై మెట్టు, మనిషికి అప్పో, భాగస్వామ్యమో, పనో చూపించి ఇంకొకరి ముందు చెయ్యి చాచకుండా నిలబెట్టడం. దాని కింద మెట్టు, ఇచ్చినదెవరో తీసుకున్నవారికి, తీసుకున్నదెవరో ఇచ్చినవారికి తెలియకపోవడం. బంగారు అక్షరాలతో కార్డు మీద అచ్చువేయించడం ఎన్నో మెట్టో మీ అత్తగారినే అడగవచ్చు, కానీ అడగకండి. ఇంట్లో శాంతి ముఖ్యం. ఆవిడకి నేను చెప్పే దారి వేరు. పార్టీ ఖర్చు పెద్దవాళ్ళది కాబట్టి పెద్దవాళ్ళ సేవ పెద్దవాళ్ళే చెయ్యొచ్చు. మజోన్ అని 1985లో మొదలైన అమెరికన్ యూదు సంస్థ ఒకటుంది, ఆకలి మీద పనిచేస్తుంది. పెళ్ళిళ్ళకీ బార్ మిట్స్వాలకీ అయ్యే ఖర్చులో 3 శాతం ఇవ్వమన్న అలవాటు వాళ్ళు తెచ్చిందే. మీ అత్తగారు, మీ వారు, మీరు ఆ లెక్క వేసుకోండి. కార్డులో ఏదైనా రాయాలంటే అది రాయండి. పాప పని పాప నోటితో ఆ రోజు వింటారు.

ఆ రోజు ప్రసంగంలో ఎన్ని డబ్బాలు సర్దిందో చెప్పించకండి. ఏం చూసిందో చెప్పనివ్వండి. ఏ సరుకు ముందు అయిపోతుంది, ఏది ఎవరూ ముట్టుకోరు, ఎందుకు. అక్కడికొచ్చేవాళ్ళలో తన క్లాసు పిల్లలు కనిపిస్తే ఆ మాట మాత్రం ఎక్కడా అనకూడదని ముందే చెప్పండి. చిన్న ఊళ్ళో కనిపించే అవకాశం ఉంది.

కానుకల గురించి మీరు అడగలేదు గానీ, మీ వైపు చుట్టాలు అడుగుతారు. యూదులు 18కి గుణిజాల్లో ఇస్తారు, 36, 54, 180 డాలర్లు, అలా. హిబ్రూలో జీవం అన్న పదానికి అక్షరాల విలువ 18 వస్తుంది. మన నూటపదహార్ల లాంటి అలవాటే, మీ వాళ్ళకి ఒక్క ముక్కలో అర్థమైపోతుంది.

ఇక కాస్త కష్టమైన విషయం. తల్లి యూదు కాకపోతే బిడ్డ యూదా కాదా అన్నదాని మీద శాఖల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఆర్థొడాక్స్, కన్సర్వేటివ్ వాళ్ళు తల్లి వైపే చూస్తారు. అమెరికాలో రిఫార్మ్ రబ్బీలు 1983లో, తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు యూదైనా, బిడ్డ యూదుగా పెరిగి ఆ సంగతి నలుగురిలో ఆచరణతో చూపిస్తే యూదే అని తీర్మానించారు. ఆ ఆచరణల్లో బార్ మిట్స్వా, బాట్ మిట్స్వా కూడా ఉన్నాయి. కాబట్టి వేడుక లేకపోయినా వయసొస్తుందని పైన అన్నాను గానీ, మీ పాప విషయంలో వేడుకకి కొంచెం అదనపు బరువుంది. పాపకి ఇదంతా మీరూ మీ వారూ కలిసి ముందే చెప్పండి. రేపు కాలేజీలో ఎవరో "మీ అమ్మ యూదు కాదుగా, మరి నువ్వెలా?" అన్నప్పుడు మొదటిసారి వినకూడదు. ప్యాంట్రీలో డబ్బాలు సర్దే పిల్లని ఎవరూ ఆ ప్రశ్న అడగరు, కానీ మిగతా చోట్ల అడుగుతారు.

మీ అమ్మగారికి ఏం చెప్పాలంటే, మతం పుచ్చుకోవడం కాదు అని చెప్పండి. పాప మొదట్నుంచీ ఆ ధర్మంలోనే పెరుగుతోంది, ఇప్పుడు పెద్దవాళ్ళలో చేరుతోంది. ఒడుగుతో పోలిక కొంతవరకే. వేదం చదవడానికి ఒడుగు అర్హత ఇస్తుంది. ఇక్కడ చదువు ముందే అయిపోయింది, ఆచరణ మొదలవుతోంది. ఆడపిల్లకీ ఉంది. ఇంకా ఆవిడకి అంతా దూరదేశపు వ్యవహారంలా అనిపిస్తే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం పేరు చెప్పండి. బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులు అక్కడ ఉన్నారు, సినగాగ్ ఉంది, 1980ల నుంచి ఈ ధర్మాన్ని బాహాటంగా పాటిస్తున్నారు. వాళ్ళ యూదుత్వాన్ని అందరూ ఒప్పుకోరు, అది వేరే పెద్ద కథ. తెనాలి నుంచి చేబ్రోలు ఎంత దూరమో మీ అమ్మగారికి నాకన్నా బాగా తెలుసు.

మీరెక్కడ నిలబడాలో మీ రబ్బీ చెప్తారు, ఈ నెల్లోనే అడగండి, మార్చి దాకా ఆగకండి. ఒక్కో సినగాగ్‌కి ఒక్కో పద్ధతి. తోరా చదివేముందు చెప్పే దీవెనలో "మమ్మల్ని ఎన్నుకున్న" అనే మాట ఉంటుంది కాబట్టి యూదులు కానివారితో దాన్ని చాలాచోట్ల చెప్పించరు. అది మిమ్మల్ని దూరం పెట్టడం అనుకోకండి, మీరు మారలేదు కాబట్టి ఆ మాట మీ నోట అబద్ధం అవుతుంది, అంతే. చాలా రిఫార్మ్ సినగాగుల్లో యూదు కాని తల్లి కూడా బిడ్డ పక్కన నిలబడొచ్చు, తన మాటల్లో బిడ్డని దీవించొచ్చు. తెలుగులో దీవించొచ్చా అని ప్రత్యేకంగా అడగండి. ఒప్పుకుంటే రెండు వాక్యాలు చాలు, ముందే రాసిపెట్టుకోండి, అప్పటికప్పుడు గొంతు సహకరించదు.

అలాగే ప్రార్థన ఆన్‌లైన్‌లో చూపిస్తారా అని కూడా అడగండి. శనివారం కెమెరాలు వద్దనే చోట్లున్నాయి, సొంత కెమెరా పెట్టుకుని ప్రసారం చేసే చోట్లూ ఉన్నాయి. మే నెలలో మీ దగ్గర పొద్దున 10 అయితే తెనాలిలో రాత్రి 7:30. మీ అమ్మగారు సీరియల్ మానుకుని కూర్చుంటారు.